మస్తాన్ వలి గారు అనని మాట

2023 చలికాలం. పల్నాడులో పత్తి తీతలు జోరుగా సాగుతున్న రోజులు. పత్తి కుక్కిన బోరేలు ఎత్తిన ట్రాక్టర్ల వెనకాల చిక్కుకుని మా టెంపో ట్రావెలర్ ఏ ఊరికీ చెప్పిన టైముకి చేరేది కాదు. అందులో ఐదుగురం. నలుగురు వాయించేవాళ్ళు, పాడేవాళ్ళు. ఐదోవాణ్ణి నేను. ఆఖరి సీట్లో డ్రమ్ముల పెట్టెల పక్కన ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా రాతపని మీదే బతుకుతున్నాను. పన్నెండేళ్ళు ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి, ఆ తర్వాత సొంతంగా రాసుకుంటున్నాను. ఆ చలికాలం నాకు దొరికింది "టూర్ రైటర్" పని. ఒక బ్యాండు ఊరూరా తిరిగి ప్రోగ్రాములు ఇస్తుంటే వాళ్ళ వెంట తిరుగుతూ చూసింది రాయాలి. రోజూ బ్యాండు పేజీకి ఒక చిన్న పోస్టు, టూరు అయ్యాక ఒక వెబ్ పత్రికకి పెద్ద కథనం. బ్యాండు పేరు నాపరాయి. తెలుగులో రాక్ పాటలు కట్టి పాడతారు. లీడ్ గిటారు వాయించే కిశోర్‌ది నరసరావుపేట. బండి మాట్లాడేదీ, కాలేజీలతో మాట్లాడేదీ, అందరి మీదా అరిచేదీ అతనే. పాడేది నస్రీన్. మాచర్ల పిల్ల, ఇరవై నాలుగేళ్ళు. మిగతా ఇద్దరూ తమ వాయిద్యాలతో తప్ప ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాళ్ళు కాదు.

ఈ పని గురించి అడిగేవాళ్ళకి ముందు చెప్పేది ఒకటుంది. బ్యాండుతో తిరగడమంటే పాటలు వినడం అనుకుంటారు. నిజానికి రోజులో తొంభై పాళ్ళు ఎదురుచూపే. మధ్యాహ్నం సౌండ్ చెక్ ఉంటుంది. జనం రాకముందే ఒక్కో మైకూ ఒక్కో డ్రమ్మూ మోగించి, ఏది ఎంత వినబడాలో సరిచూసుకోవడం అన్నమాట. దానికి రెండు గంటలు పట్టేది. తర్వాత సెట్ లిస్ట్ మీద గొడవ. సెట్ లిస్ట్ అంటే ఆ రోజు ఏ పాట తర్వాత ఏ పాటో రాసుకునే చీటీ. ప్రోగ్రాం మాత్రం గంటన్నర. రాసేవాడికి సరుకు దొరికేది ఆ గంటన్నరలో కాదు, ఎదురుచూపుల్లో. మనుషులు విసిగిపోయినప్పుడే మాట్లాడతారు. అప్పుడు నోరు మూసుకుని వినడమే నా విద్య. ఆ విద్య నాకు బాగా వచ్చనుకునేవాణ్ణి.

నరసరావుపేటలో ఇంజనీరింగ్ కాలేజీ, దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళ కాలనీ, తర్వాత గురజాల, చివర మాచర్ల. గురజాలలో ప్రోగ్రాం అయిన మర్నాడు పొద్దున ఊరి చివర టీ కొట్టు దగ్గర ఆగాం. కిశోర్ బండి టైరు చూసుకుంటున్నాడు. నస్రీన్, నేను బెంచీ మీద కూర్చున్నాం.

"రేపు మీ ఊళ్ళోనే కదమ్మా ప్రోగ్రాం. మీవాళ్ళు వస్తారా?" అన్నాను.

"అమ్మ వచ్చిద్ది. పిన్ని కూడా వస్తానంది."

"నాన్న?"

"రాడన్నా."

"ఎప్పుడూ రాలేదా?"

"మొదటిసారి వచ్చాడు. తర్వాత రాలేదు." టీ గ్లాసు అటూ ఇటూ తిప్పింది. "నాన్నకి ఈ సౌండ్ పడదు."

"అంటే పాడటం ఇష్టం లేదా?"

నా వంక ఒకసారి చూసి, రోడ్డు మీద పోతున్న ట్రాక్టరు వైపు మొహం తిప్పేసుకుంది. "అది వదిలెయ్యన్నా. ఇంటి సంగతి."

నేను వదిలేశాననే అనుకుంది. ఆ పిల్ల లేచి వెళ్ళగానే నోటుబుక్కులో రాసుకున్నాను: "తండ్రి రాడు. సౌండ్ పడదు. ఇంటి సంగతి." ఆ మూడో మాట కింద రెండు గీతలు గీశాను. మొదటిసారి వచ్చాడన్న మాట మాత్రం రాసుకోలేదు. మరిచిపోయి కాదు. అప్పటికే నా తలలో ఒక కథ తయారైపోయింది. ఆ మాట అందులో ఇమడలేదు.

మాచర్లలో సాయంత్రం ఐదింటికి ప్రోగ్రాం, ఒక కాలేజీ గ్రౌండులో. నస్రీన్ వాళ్ళ ఇల్లు అక్కడికి అర కిలోమీటరు కూడా ఉండదు. ఆమె తల్లి, పిన్ని ముందు వరసలో కూర్చున్నారు. తల్లి బురఖాలో ఉంది. మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా ఫోను పైకెత్తి వీడియో తీస్తూనే ఉంది. చెయ్యి నొప్పెడితే ఆ చెయ్యి దించి ఈ చేత్తో పట్టుకునేది. నేను ఆమెకి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. వెళ్ళి పలకరించొచ్చు. "మీ ఆయన రాలేదేమమ్మా?" అని ఒక్క మాట అడగొచ్చు. అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి చెబుతుందని భయం.

ఇంటికొచ్చాక రెండు రోజుల్లో కథనం రాసేశాను. మా పనిలో "లీడ్" అని ఒకటుంటుంది. మొదటి పేరా. చదివేవాణ్ణి అక్కడే పట్టుకోవాలి. "వేదికకీ ఆ ఇంటికీ మధ్య దూరం అర కిలోమీటరు. కూతురు పాడుతుంటే ఆ అర కిలోమీటరు నడవడానికి ఆ తండ్రికి మనసొప్పలేదు" అని మొదలుపెట్టాను. ముందు వరసలో కూర్చున్న తల్లి గురించి "భర్తకు తెలియకుండా వచ్చి" అని రాశాను. ఆ తర్వాత తండ్రి నోట ఒక మాట పెట్టాను: "ఈ గోల నా గడప తొక్కకూడదు." తండ్రి పేరు రాయలేదు. మాచర్లలో సాగర్ రోడ్డు పక్క లారీ మెకానిక్ అని మాత్రం రాశాను. అంత రాశాక పేరెందుకు?

ఆ మాట రాసినప్పుడు నాకు ఏమనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. తృప్తిగా అనిపించింది. ఆయన్ని నేను చూడలేదు, ఆయన గొంతు వినలేదు. అయినా ఆ మతం వాడు, ఆ పని చేసేవాడు, ఆ ఊరివాడు ఇంకేమంటాడులే అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాకాలం పట్టింది.

పత్రిక ఎడిటర్ ఫోన్ చేసింది. నాకన్నా చిన్నది, పనిలో మాత్రం గట్టి మనిషి.

"సార్, తండ్రి కోట్, ఆ గడప మాట, చాలా బాగుంది. ఆయనతో మాట్లాడారు కదా?"

"మాట్లాడాను."

ఒక్క మాట. గొంతు తడబడలేదు కూడా.

కథనం బాగా తిరిగింది. నా రాతల్లో ఏదీ అంతగా తిరగలేదు. కిశోర్ ఫోన్ చేసి "రైటర్ గారూ, మూడు కాలేజీల నుంచి ఫోన్లొచ్చినయ్" అన్నాడు. నస్రీన్ ఫోన్ చేయలేదు. కింద కామెంట్లు చదివాను. నస్రీన్ పాటని మెచ్చుకున్నవాళ్ళు కొందరే. ఎక్కువమంది ఆమె తండ్రిని తిట్టారు. ఆయన్ని పట్టుకుని ఆ మతం వాళ్ళందరినీ తిట్టారు. నేను పైపైన చూసి ఫోను పక్కన పెట్టేశాను. నేను తిట్టలేదు కదా అనుకున్నాను.

పక్షం రోజుల తర్వాత కిశోర్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతు వేరు. "నస్రీన్ రెండు ప్రోగ్రాములకి రాలేదు. ఏందో చెప్పట్లేదు. మీరు రాసిందాని గురించే అనుకుంటా. ఒకసారి మాట్లాడండి."

నేను ఫోన్ చేస్తే నస్రీన్ ఎక్కువ మాట్లాడలేదు. "ఫోన్లో చెప్పేది కాదన్నా. వచ్చి మా నాన్నని చూడు" అంది.

నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కాను. పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల దాటుతుంటే దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. పేరు రాయలేదు కదమ్మా అనాలి. నీకు మంచే జరిగింది కదా అనాలి. పది, పదకొండు మధ్య సాగర్ రోడ్డు పక్క ఆయన షెడ్డు దగ్గర దిగాను. రేకుల షెడ్డు, ముందు సిమెంటు లారీ ఒకటి బానెట్ ఎత్తి ఉంది. నస్రీన్ బయట నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వలేదు.

"మాట్లాడొద్దు. కాసేపు చూడు" అంది.

నస్రీన్ తండ్రి మస్తాన్ వలి గారు బక్కపలచని మనిషి, యాభై ఐదు దాటి ఉంటాయి. ఇంజను నడుస్తోంది. ఆయన పొడవాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజను మీద ఒకచోట ఆనించి, పిడిని తన దవడ ఎముకకి ఆనించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మొన జరిపాడు, మళ్ళీ ఆనించాడు. లారీ డ్రైవరు దాచేపల్లి వాడట. నాకేసి తిరిగి గర్వంగా చెప్పాడు: "మస్తాన్ భాయ్ సౌండు ఇంటే చాలండీ. ఇంజను రోగం ఇట్టే పట్టేస్తాడు."

కాసేపటికి అదే డ్రైవరు ఆయన వెనక చేరి, సిగరెట్టు వెలిగించుకుంటూ అడిగాడు. "భాయ్, ఫోన్లో ఏందో వచ్చింది గదా, పిల్లని పాడొద్దన్నావంట. నిజమేనా?"

ఆయన ఇంజను మీద నుంచి తల ఎత్తకుండానే ఊపాడు. "ఆఁ ఆఁ. పది నిమిషాలు. అయిపోయిద్ది."

డ్రైవరు నావంక చూసి పెదవి విరిచాడు. "చూశారా, ఒప్పుకుంటాడు కూడా."

నాకు అర్థం కావడానికి ఇంకో క్షణం పట్టింది. నస్రీన్ మొహం చూశాక అర్థమైంది. ఆయనకి వినబడలేదు. బండి ఎప్పటికి అవుతుందని అడిగాడనుకున్నాడు. అందరూ వెనక నుంచి అడిగేది అదే కదా.

షెడ్డు వెనకే ఇల్లు. నస్రీన్ నన్ను లోపలికి తీసుకెళ్ళింది. తల్లి మంచినీళ్ళిచ్చి లోపలికెళ్ళిపోయింది. భర్తకు తెలియకుండా వచ్చిందని నేను రాసింది ఈమె గురించే. ఆ గ్లాసు పట్టుకుని ఆమె మొహం చూడలేకపోయాను.

నస్రీన్ చెప్పింది. పెళ్ళికి ముందు ఆయన రాతి క్రషర్లో పనిచేశాడు. తర్వాత ముప్పై ఏళ్ళు ఇంజన్ల పక్కన. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో కొంచెం మిగిలింది. దానికీ పెద్ద శబ్దం తగిలితే సూది గుచ్చినట్టు ఉంటుందట. నస్రీన్ మొదటి ప్రోగ్రాంకి వచ్చి స్పీకరు పక్కన కూర్చుని, ఆఖరిదాకా లేవకుండా విన్నాడు. మర్నాటి నుంచి వారం రోజులు తల తిరిగి పడిపోయాడు. నరసరావుపేటలో చెవి డాక్టరు, మిగిలింది కూడా పోగొట్టుకుంటావా అని కేకలేశాడు.

"బండి సౌండు ఇని రోగం చెప్పే మేస్త్రికి చెవులు లేవంటే బండి ఎవరు తెస్తారన్నా? అందుకే ఎవరికీ చెప్పలా. ఎముకకి తెలిసిద్దంటాడు. పనిలో ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఇంట్లో నేను గిటారు వాయిస్తే దాని చెక్కకి గడ్డం ఆనించి కూర్చుంటాడు. తీగ వదులైనా చెప్తాడు. నాకు మొదటి గిటారు కొనిచ్చిందే నాన్న. నువ్వు నన్ను ఆ ఒక్కటి అడిగున్నా చెప్పేదాన్ని."

ఊళ్ళో ఏం జరుగుతోందో కూడా చెప్పింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు షెడ్డు నంబరు పట్టుకుని ఫోన్ చేసి తిట్టారు. వినబడక ఆయన ఫోను కూతురికి ఇచ్చేవాడు. ఆ తిట్లన్నీ ఆ పిల్లే విన్నది. ఒక పెద్దమనిషి మాత్రం పని గట్టుకుని షెడ్డుకి వచ్చాడు. మస్తాన్ వలి గారి చెయ్యి పట్టుకుని "మంచి పని చేశావు భాయ్, పిల్లని అదుపులో పెట్టావు" అని మెచ్చుకున్నాడు. ఎదురుగా నిలబడి అన్నాడు కాబట్టి, పెదాల కదలికని బట్టి ఆ మాట ఆయనకి అందింది.

"ఆ రోజు నాన్న అన్నం తినలేదు. తిట్టినోళ్ళని పట్టించుకోలా. ఆ మెచ్చుకున్నాయన మాటకే..." అంది.

దారిలో కూర్చుకున్న మాటలన్నీ వదిలేశాను. చివరికి అన్నాను. "తప్పయిందని పత్రికలో వేయిస్తానమ్మా. కాకపోతే ఎట్లా వేయించాలో తెలియడం లేదు. మరి ఎందుకు రాలేదని అడుగుతారు. చెవి సంగతి బయటపెట్టకుండా..."

"చెవి సంగతి ఎందుకు? ఆ మాట నాన్న అనలేదు, నేనే పుట్టించానని రాయి. చాలదా?"

చాలు. నిజంగా చాలు. ఆ పిల్ల అంత తేలిగ్గా చెప్పింది నాకు తెలియనిది కాదు. ఆయన రహస్యం నాకు మంచి సాకుగా దొరికింది, దాని చాటున దాక్కోబోయాను. అది ఆమె కనిపెట్టింది. "సరేనమ్మా, ఎడిటర్‌తో మాట్లాడతా" అని బస్సెక్కాను.

ఎడిటర్‌తో మాట్లాడాను. నిజం చెప్పలేదు. "ఆ కుటుంబం ఇబ్బంది పడుతోంది, తండ్రి మాట తీసేద్దాం" అన్నాను. ఆమె ఒప్పుకుని ఆ వాక్యం తీసేసింది. కింద వివరణ ఏమీ లేదు. అప్పటికే చదవాల్సినవాళ్ళంతా చదివేశారు. నస్రీన్‌కి "తీయించాను" అని మెసేజ్ పెట్టాను. చూసింది. జవాబు లేదు.

నెల తిరిగేసరికి నస్రీన్ మళ్ళీ పాడటం మొదలుపెట్టింది. కిశోర్‌తో ఒకటే చెప్పిందట: "రైటర్ గారు బండెక్కితే నేను దిగిపోతా." కిశోర్ ఆ మాట నాకు చెప్పడానికి చాలా మొహమాటపడ్డాడు. నేను మొహమాటపడే స్థితిలో లేను.

ఏడాది దాకా ఆ అబద్ధం మోశాను. ఒక కాలేజీలో పిల్లలకి రాతపని గురించి చెప్పమని పిలిచారు. ఒకమ్మాయి లేచి, నా కథనాల్లో తనకి బాగా నచ్చింది నాపరాయి కథనమేనంది. "ఆ తండ్రి మాట చదివి ఏడ్చాను సార్. ఆయన్ని ఎట్లా మాట్లాడించారు?" అని అడిగింది. అందరూ పెన్నులు పట్టుకుని నావంక చూస్తున్నారు. ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఇంటికొచ్చి ఎడిటర్‌కి ఉత్తరం రాశాను. ఆయనతో మాట్లాడలేదనీ, ఆ మాట నేనే పుట్టించాననీ, తల్లి గురించి రాసింది కూడా అబద్ధమేననీ. ఆమె ఫోన్ చేసి తిట్టి ఉంటే బాగుండేది. చేయలేదు. వాళ్ళు నాలుగు లైన్ల సవరణ వేశారు. ఆ తర్వాత నాకు పని ఇవ్వలేదు. ఇవ్వకపోవడం న్యాయమే.

ఆ సవరణ ప్రింటు తీయించుకుని మాచర్ల వెళ్ళాను. మస్తాన్ వలి గారు షెడ్డులో ఒక్కరే ఉన్నారు. ఎదురుగా నిలబడి, ఆయన నా పెదాలు చూసేలా, "తప్పు నాదని రాశానండీ" అని కాగితం ఇచ్చాను. చేతులు తుడుచుకుని, దూరంగా పట్టుకుని చదివాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"మొదటిది లోకమంతా చదివింది. ఇది ఎవరు చదివారు సార్?" అన్నాడు.

నేను ఆయన చేతిలోని కాగితం వంకే చూశాను.

"నాకు చూపించుకోడానికి తెచ్చావు." కోపంగా అనలేదు. బండిలో ఏం పోయిందో చెప్పినట్టు చెప్పాడు. కాగితం మడిచి నాకే ఇచ్చేశాడు. టీ తాగి వెళ్ళమన్నాడు. తాగాను.

ఈ ఏడాది ఆయన ఇంజన్ల పని మానేశాడని కిశోర్ చెప్పాడు. ఇప్పుడు లారీ బాడీలకి చెక్కపని చేస్తున్నాడట. దానికి చెవులతో పనిలేదు. ఈ అనుభవం రాయొచ్చా అని మళ్ళీ వెళ్ళి అడిగాను. నస్రీన్ ఇంట్లోనే ఉంది. ఆమె వద్దంటుందనుకున్నాను. "నాన్న ఇష్టం" అంది, అంతే. ఆయన "రాసుకో. దాచడానికి ఇప్పుడేముంది? పేర్లు మార్చు. నేను అన్నదే రాయి" అన్నాడు. పేర్లు మార్చాను. బ్యాండుది కూడా.

ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే. మనిషి చెప్పకుండా వదిలేసిన చోటు ఆ మనిషిదే. అక్కడ నేను ఏది నింపినా అది నా లోపలున్న చెత్తే అవుతుంది. ఇప్పుడు ఎవరి మాట రాసినా వాళ్ళకి చదివి వినిపించాకే పంపుతున్నాను. దీంతో నా పని సగం తగ్గింది. నాకు బాగా అనిపించిన వాక్యాలు చాలా పోతున్నాయి.

మస్తాన్ వలి గారికి చదివి వినిపించలేను కాబట్టి, రాయొచ్చా అని అడిగిన ఆ రోజు ఆయన ముందే ఆయన మాటని కాగితం మీద రాసి ఇచ్చాను: "నేను ఇష్టం లేక రాలేదనేది అబద్ధం. చెవులు పోయి పాపం రాలేకపోయాను."

చెవి మీది పెన్సిల్ తీశాడు, చెక్క మీద గీతలు గీసుకునే పెన్సిల్. మధ్యలో ఒక్క మాట కొట్టేసి కాగితం నా చేతికిచ్చాడు.

"పాపం" కొట్టేశాడు. ఆ మాట ఆయనది కాదు. నాది.